డ్రై వెల్ కథలు చెప్పుకునే సాయంత్రాలు

పెట్రోలియం భూవిజ్ఞానంలో పనిచేసేవారి స్థానిక సంఘాలు సాధారణంగా నెలకొకసారి సాయంత్రం వేళ సమావేశమవుతాయి. ఒక గంట ప్రసంగం, కొన్ని ప్రశ్నలు, ఆ తరువాత నిలబడి మాట్లాడుకునే కాసేపు ఉంటాయి. ఏడాదిలో ఒకటి రెండుసార్లు కోర్ (బావిలోంచి తీసిన రాతి స్తంభం) పరిశీలన, ఒక ఫీల్డ్ ట్రిప్, ఒక కుటుంబ సమ్మేళనం జరుగుతాయి. వార్షిక నివేదికలో వీటిని సాంకేతిక కార్యక్రమాలనీ, సామాజిక కార్యక్రమాలనీ రెండు పద్దుల కింద చూపుతారు. లెక్కల సౌకర్యానికి అది సరే గాని, చాలా ఏళ్లుగా ఇటువంటి సమావేశాలకు వెళుతున్న నాకు ఆ విభజన మీద నమ్మకం లేదు. తవ్విన బావిలో చమురు గాని వాయువు గాని తగినంత దొరకకపోతే దాన్ని డ్రై వెల్ అంటారు. అలా ఒక బావి ఎందుకు విఫలమైందన్న విషయం ఈ వృత్తిలో అన్నిటికంటే విలువైన సమాచారం. అది ముఖపరిచయం లేనివారి మధ్య బయటపడదు. పరిచయం కలిగించే పని ఆ రెండో పద్దుదే.

ఇందుకు కారణం మా పని స్వభావంలోనే ఉంది. భూమిలోకి తరంగాలు పంపి పొరలను గుర్తించే సైస్మిక్ సర్వేలూ, బావి పొడవునా రాతి గుణాలను కొలిచి గీసిన లాగ్‌లూ, కోర్‌లూ చాలా ఖర్చుతో సేకరించిన సొత్తు కనుక కంపెనీలు వాటిని దాచుకుంటాయి. నార్వే వంటి దేశంలో బావుల ముడి సమాచారాన్ని రెండేళ్ల తరువాత అందరికీ అందుబాటులోకి తెస్తారు గాని, అంత ఉదారమైన పద్ధతి అన్నిచోట్లా లేదు. అందువల్ల ప్రసంగకర్త చూపే మ్యాప్ మీద అక్షాంశ రేఖాంశాలు ఉండవు, సైస్మిక్ సెక్షన్ పక్కన లోతు అంకెలు చెరిపివేసి ఉంటాయి, బావికి పేరు బదులు ఒక అక్షరం ఉంటుంది. ఆ బేసిన్‌లో (అవక్షేపాలు పేరుకున్న పల్లపు ప్రాంతంలో) పనిచేసినవారు దాని ఆకారం చూడగానే గుర్తుపట్టి, గుర్తుపట్టనట్లే కూర్చోవడం మా సభామర్యాదల్లో ఒకటి. వేదిక మీద చెప్పకూడనిది విరామంలో కూడా ఎవరూ చెప్పరు, చెప్పకూడదు కూడా. అయితే రహస్యం కానిది, ఎవరూ రాసిపెట్టనిది చాలానే ఉంటుంది: ఏ రాతిపొర డ్రిల్లింగ్‌లో ఇబ్బంది పెడుతుంది, ఏ పాత సర్వేలో తరంగం ఫేజ్ (శిఖరాలు, లోయల వరస) తలకిందులుగా ఉంది, ఏ శిలాజాన్ని దశాబ్దాలుగా తప్పు వయసుతో నమోదు చేస్తూ వచ్చారు అన్నటువంటివి. విరామంలో చేతులు మారే సరుకు ఇదే.

ఈ అలవాటు పాతదే. లండన్ జియలాజికల్ సొసైటీ 1807లో ఒక భోజనశాలలో, విందు సమావేశంలోనే పుట్టింది. పెట్రోలియం భూవిజ్ఞానుల సంఘాల్లో పెద్దదైన ఏఏపీజీ (అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ పెట్రోలియం జియాలజిస్ట్స్) 1917లో అమెరికాలోని టల్సాలో మొదలైంది. అప్పటికి చమురు అన్వేషణలో భూవిజ్ఞానికి స్థిరమైన చోటు ఇంకా ఏర్పడుతూ ఉంది. ఒంటరిగా తిరిగే మనుషులు తమ వాదాలను తోటివారి ముందు పెట్టుకోవడానికి ఒక వేదిక వెతుక్కున్నారు. 1926లో అదే సంఘం న్యూయార్క్‌లో ఖండాల చలనంపై చర్చాసభ ఏర్పాటు చేసింది. ఖండాలు కదులుతాయన్న అల్ఫ్రెడ్ వెగెనర్ ప్రతిపాదనను అక్కడ చాలామంది తిరస్కరించారు. అయినా అనుకూలుర వాదాలూ, ప్రతికూలుర వాదాలూ కలిపి 1928లో పుస్తకంగా అచ్చువేశారు. సభ తప్పు వైపు మొగ్గినా చర్చను దాచలేదన్నదే ఆ ఉదంతంలో నాకు ముఖ్యంగా కనిపించే సంగతి.

ప్రసంగాల నాణ్యత ఒకే తీరుగా ఉండదని ఒప్పుకోవాలి. సాఫ్ట్‌వేర్ అమ్మేవారు ఇచ్చే ప్రసంగాల్లో ప్రతి ఉదాహరణా విజయమే. వాటి మధ్యలో నిద్రపోయినవారిని నేను తప్పుపట్టను. దీనికి భిన్నంగా, తవ్వకానికి ముందు వేసిన అంచనానూ, తవ్విన తరువాత దొరికినదానినీ పక్కపక్కన పెట్టి చూపే ప్రసంగానికి గది నిండిపోతుంది. ట్రాప్ (చమురును పట్టి నిలిపే రాతి అమరిక) లేకనా, సీల్ (చమురు పైకి పోకుండా అడ్డుకునే పొర) నిలవకనా, సోర్స్ రాక్ (చమురు పుట్టే రాయి) తగినంత వేడెక్కకనా, లేక వలస వచ్చిన హైడ్రోకార్బన్లు (చమురు, వాయువు) ట్రాప్ ఏర్పడకముందే దాటిపోయాయా అని ఒక్కొక్క కారణాన్నీ విడదీసి చూపే ఆ విశ్లేషణ, వినేవారికి తమ తదుపరి బావి విషయంలో నేరుగా ఉపయోగపడుతుంది.

ఒక చిన్న లెక్క తీసుకుంటే అక్కడ అడిగే ప్రశ్నల పదును తెలుస్తుంది. సైస్మిక్ తరంగం కిందికి వెళ్లి తిరిగి రావడానికి 2 సెకన్లు పట్టిందనుకుందాం. సగటు వేగాన్ని సెకనుకు 2,500 మీటర్లుగా తీసుకుంటే ఆ పొర 2,500 మీటర్ల లోతున ఉన్నట్లు. వేగం అంచనాలో 2 శాతం తేడా వస్తే లోతులో 50 మీటర్ల తేడా వస్తుంది. చమురు నిలవడానికి ఆధారమైన, పొర పైకి ఉబ్బిన గుబ్బ ఎత్తే 40 మీటర్లయితే, గుబ్బ అన్నదే లేకపోవచ్చు. అందుకే ప్రసంగకర్త అందమైన స్ట్రక్చర్ మ్యాప్ (పొర ఎత్తుపల్లాల పటం) చూపించినప్పుడు వెనుక వరుస నుంచి ఎవరో ఒకరు వేగాలు ఎక్కడి నుంచి తెచ్చారని అడుగుతారు. అది అవమానించే ప్రశ్న కాదని కొత్తగా చేరినవారికి అర్థం కావడానికి కొన్ని సమావేశాలు పడుతుంది. ఆ అడిగిన మనిషితోనే తరువాత పక్కన నిలబడి మాట్లాడినప్పుడు గాని, అతని ప్రశ్న వెనుక సరిగ్గా అలాగే పోయిన అతని సొంత బావి ఒకటి ఉందని తెలియదు.

రాళ్లు చూసే జియాలజిస్టులూ, తరంగాలు చదివే జియోఫిజిసిస్టులూ ఒకే గదిలో కూర్చోవలసిన అవసరం కూడా ఇటువంటి అంకెల్లోనే ఉంది. రాతిలో వేగం సెకనుకు 3,000 మీటర్లు, తరంగం పౌనఃపున్యం 30 హెర్ట్జ్ అయితే తరంగదైర్ఘ్యం 100 మీటర్లు. పొర పైభాగాన్నీ అడుగునూ వేరుగా చూడగలిగే హద్దు అందులో నాలుగో వంతు, అంటే సుమారు 25 మీటర్లు. కోర్ ముందు నిలబడిన జియాలజిస్టు సెంటీమీటర్లలో మాట్లాడుతూ ఉంటాడు. ఈ దూరాన్ని కోర్ వర్క్‌షాప్ తగ్గించినంతగా ఏ ప్రసంగమూ తగ్గించలేదు. బల్లల మీద పెట్టెలు పరిచి, హ్యాండ్ లెన్స్‌తో ఇసుక రేణువుల సైజు చూస్తూ, సున్నపురాయి అవునో కాదో తేల్చడానికి పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేసి నురగ కోసం చూస్తూ గడిపే ఆ రోజున, లాగ్ మీద ఒకే గీతగా కనిపించిన ఇసుకరాయి నిజానికి పలచని మట్టి పొరలతో అడుగడుగునా తెగిపోయి ఉందని జియోఫిజిసిస్టు కళ్లారా చూస్తాడు. ఫీల్డ్ ట్రిప్‌లో కొండచరియ మీద ఒక పాత నదీపాయ ఇసుక ఎంత వెడల్పున ఆగిపోయిందో నడిచి కొలిచినవారు, రెండు బావుల మధ్య అదే ఇసుకను నిశ్చింతగా గీత గీసి కలపరు.

చమురు ధరలు పడిపోయిన కాలంలో ఈ సమావేశాల రూపం మారుతుంది. 1986లోనూ, 2014 తరువాతి సంవత్సరాల్లోనూ, మళ్లీ 2020లోనూ అన్వేషణ బడ్జెట్లకు కోత పడింది. కంపెనీలు సభ్యత్వ రుసుములూ, విరాళాలూ ఆపివేస్తే సంఘం ఖర్చు సభ్యుల మీదే పడుతుంది. అయితే ఉద్యోగం పోయినవారు మరింత క్రమంగా వస్తారు. అప్పుడు కుటుంబ సమ్మేళనం వంటివి విలాసమని రద్దు చేసే కార్యవర్గాల నిర్ణయంతో నేను ఏకీభవించను. మొహమాటం లేకుండా పని అడగడానికీ, పని ఉందని చెప్పడానికీ అంతకంటే అనువైన చోటు మరొకటి లేదు. ఆన్‌లైన్ సమావేశాలు వచ్చాక దూరంగా ఉన్న రిగ్‌ల మీది సభ్యులకు కూడా ప్రసంగాలు అందాయి, అది మేలే. కాకపోతే ప్రసంగం ముగిసి తెర ఆరిపోయిన తరువాత పక్కవారితో మాట్లాడే వీలు అక్కడ లేదు.

ఇటీవల ప్రసంగాల జాబితాలో కార్బన్ డయాక్సైడ్ నిల్వ, భూఉష్ణ శక్తి తరచు కనిపిస్తున్నాయి. ఇది సంఘం పని కాదని గొణిగేవారు లేకపోలేదు. కాని ఉత్తర సముద్రంలోని స్లైప్నర్ వాయుక్షేత్రం వద్ద 1996 నుంచి కార్బన్ డయాక్సైడ్ వాయువును సముద్రగర్భపు ఇసుకరాయిలోకి ఎక్కిస్తూ రావడం ప్రాథమికంగా రిజర్వాయర్ (వాయువును తనలో నిలుపుకునే రాయి), సీల్ సమస్యే. మేము ఎప్పటినుంచో అడుగుతున్న ప్రశ్నలే. పైగా ఇటువంటి నిల్వలో ప్రధానమైన భయం పాత బావులది: ఎప్పుడో మూసివేసిన బావిలో సిమెంట్ సరిగా పట్టకపోతే వాయువు ఆ దారినే పైకి రావచ్చు. ఆ బావుల కాగితాలు కొన్ని అసంపూర్తిగా ఉంటాయి, కొన్ని అసలు దొరకవు. కాని సమావేశాల్లో వెనుక వరుసలో కూర్చునే విశ్రాంత ఉద్యోగుల్లో ఆ బావులు మూసేటప్పుడు రిగ్ మీద ఉన్నవారు ఉంటారు. ఏ బావిలో సిమెంట్ ప్లగ్ మళ్లీ వేయవలసి వచ్చిందో, ఏ బావిలో కేసింగ్ (బావి లోపలి ఉక్కు గొట్టం) కోసి పైకి లాగారో వారు చెప్పగలరు. నిల్వ ప్రాజెక్టుల్లో పనిచేసే యువ ఇంజనీర్లు ఇప్పుడు ప్రసంగం అయిపోగానే ప్రసంగకర్త దగ్గరకు కాకుండా నేరుగా వారి దగ్గరకే నోటుబుక్కులతో వెళుతున్నారు.