‘నాకు’తో మొదలయ్యే మాటకు ‘ఇంగ్’ తగిలించొద్దు

అమలాపురంలో అయినా భీమవరంలో అయినా ఇంగ్లీషు కోచింగ్ క్లాసులో స్టేటివ్ వెర్బ్స్ (పనిని కాక స్థితిని చెప్పే క్రియలు) పాఠం వచ్చిందంటే బోర్డు మీద ఒక జాబితా పడుతుంది. నో, లైక్, వాంట్, నీడ్, బిలీవ్, బిలాంగ్, కంటెయిన్... ఇలా ముప్పై నలభై క్రియలు. వీటికి కంటిన్యుయస్, అంటే ‘ఇంగ్’ రూపం, వాడకూడదు, బట్టీ పట్టండి అంటారు. పిల్లలు పడతారు, ఖాళీలు పూరించమంటే తప్పు లేకుండా పూరిస్తారు. అదే పిల్లలు నోరు తెరిస్తే ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’, ‘ఐ యామ్ నాట్ అండర్‌స్టాండింగ్ ద క్వశ్చన్’ అని వచ్చేస్తుంది. మాట్లాడుతున్నప్పుడు జాబితా వెతుక్కునే తీరిక ఎవరికి ఉంటుంది?

ఆ జాబితాలో ఎక్కువ భాగం మన తెలుగులోనే సర్ది ఉంది. ఈ వాక్యాలు పైకి చదవండి: నాకు తెలుసు. నాకు కావాలి. నాకు ఇష్టం. నాకు గుర్తుంది. నాకు అర్థమైంది. నాకు ఇద్దరు తమ్ముళ్ళు ఉన్నారు. నాకు కనిపిస్తోంది. నాకు వినిపిస్తోంది. ఒక్కదాంట్లో కూడా ‘నేను’ లేదు. ఇవి మనం చేసే పనులు కావు, మనకు కలిగే స్థితులు. అందుకే తెలుగు వీటిని ‘నాకు’తో మొదలుపెడుతుంది. ఇంగ్లీషులో వీటన్నిటికీ కర్త ‘ఐ’ అయిపోతుంది: ఐ నో, ఐ వాంట్, ఐ లైక్, ఐ రిమెంబర్, ఐ అండర్‌స్టాండ్, ఐ హ్యావ్, ఐ సీ, ఐ హియర్. కర్త మారినా అది స్థితే, పని కాదు. కాబట్టి నోటికొచ్చిన తెలుగు వాక్యం ‘నాకు’తో మొదలై, దాన్ని ఇంగ్లీషులో ‘ఐ’తో చెప్పబోతున్నారంటే ‘ఇంగ్’ ఆపేయండి. జాబితా కన్నా ఈ ఒక్క పరీక్ష మాట్లాడేటప్పుడు ఎక్కువ అక్కరకొస్తుందని నా గట్టి నమ్మకం.

‘కనిపిస్తోంది’, ‘వినిపిస్తోంది’ దగ్గర జాగ్రత్త. తెలుగులో అవి కంటిన్యుయస్ రూపాలే, అందుకే ‘ఐ యామ్ హియరింగ్ ద ఇంజన్ సౌండ్’ అనేస్తాం. ‘ఐ కెన్ హియర్ ది ఇంజన్’ అనాలి. ‘వాసన వస్తోంది’ కూడా ఇంతే: ‘ఐ కెన్ స్మెల్ ఫిష్’. చూడటం, వినడం, వాసన పసిగట్టడం ఈ క్షణంలో జరుగుతున్నాయని చెప్పడానికి ఇంగ్లీషు ‘కెన్’ను వాడుకుంటుంది.

నెట్‌లో దొరికే అభ్యాసాల్లో రష్యన్ మాట్లాడేవాళ్ళ కోసం తయారైనవి కూడా ఉన్నాయి. మనవాళ్ళూ వాటిని చేయొచ్చు, కానీ ఏ భాగం ఎవరికి అవసరమో తెలుసుకుని చేయాలి. రష్యన్‌లో వర్తమాన కాలానికి ఒకే రూపం. ‘యా చితాయు’ అంటే ‘చదువుతాను’, ‘చదువుతున్నాను’ రెండూ. అందుకని ‘రీడ్’ ఎక్కడ, ‘యామ్ రీడింగ్’ ఎక్కడ అన్న తేడా వాళ్ళు మొదటినుంచీ నేర్చుకోవాలి, వాళ్ళ అభ్యాసాలు ఆ తేడా మీద చాలాసేపు నిలబడతాయి. మనకు ‘తున్నాను’ పుట్టుకతోనే ఉంది. మన ఇబ్బంది దాన్ని ఇంగ్లీషు ఒప్పుకోని చోట్ల కూడా పెట్టేయడం. కాబట్టి ‘చూడండి, ఇప్పుడు వర్షం పడుతోంది’ తరహా ఖాళీలు మనం త్వరగా దాటేసి, స్టేటివ్ భాగంలో, పర్ఫెక్ట్ (‘హ్యావ్’, ‘హ్యాజ్’తో వచ్చే రూపాలు) భాగంలో ఎక్కువ సమయం పెట్టాలి. ఒక సంగతి మాత్రం ఇద్దరికీ ఉమ్మడి. ‘నాకు నచ్చింది’ అనడానికి వాళ్ళు కూడా ‘మ్నె’ అని, అంటే ‘నాకు’ అనే మొదలుపెడతారు. ‘నాకు తమ్ముడు ఉన్నాడు’ అనడానికి ‘నా దగ్గర ఉన్నాడు’ అన్నట్టు ‘ఊ మెన్యా యెస్త్’ అంటారు. అయితే ‘తెలుసు’, ‘కావాలి’ దగ్గర వాళ్ళు ‘నేను’కి మారిపోతారు. ఈ ‘నాకు’ పరీక్ష వాళ్ళకు సగమే పనికొస్తుంది, మనకు చాలా దూరం వస్తుంది.

చివరిదాకా రాదు, అది కూడా చెప్పాలి. ‘అనుకుంటున్నాను’, ‘నమ్ముతున్నాను’ తెలుగులో ‘నేను’తోనే వస్తాయి, పైగా ‘తున్నాను’ ఉంటుంది. ఇంగ్లీషులో మాత్రం ‘ఐ థింక్’, ‘ఐ బిలీవ్’. ఈ రెండూ విడిగా నోటికి పట్టించుకోవాల్సిందే. ‘ఈ తోట మాది’, ‘పంట నీటి మీద ఆధారపడి ఉంది’ లాంటి వాటిలో మనిషే కర్త కాదు, అక్కడ బిలాంగ్స్, డిపెండ్స్. ‘నాకు ఆకలేస్తోంది’ అన్నప్పుడు ‘యామ్’ తప్ప వేరే క్రియే వద్దు, ‘ఐ యామ్ హంగ్రీ’ చాలు. ‘నాకు చెమటలు పడుతున్నాయి’ అన్నది ఒంట్లో జరుగుతున్న పని, కాబట్టి ‘ఐ యామ్ స్వెటింగ్’ సరైనదే.

కొన్ని క్రియలు రెండు వైపులా తిరుగుతాయి. ఇక్కడ తెలుగు మనకు ఇంకా పెద్ద సాయం, ఎందుకంటే ఇంగ్లీషు ఒకే మాటతో సరిపెట్టిన చోట మనకు రెండు మాటలు ఉన్నాయి. రొయ్యల చెరువు గట్టు మీద కాటా దగ్గర చూడండి. ‘తూస్తున్నాడు’ అంటే ‘హి ఈజ్ వెయింగ్ ద ప్రాన్స్’. ‘ట్రే ఇరవై కిలోలు తూగుతుంది’ అంటే ‘ద ట్రే వెయిజ్ ట్వెంటీ కిలోస్’. రెంటికీ ‘వే’ అనే ఒక్క క్రియే. ‘ఆలోచిస్తున్నాను’ అయితే ‘ఐ యామ్ థింకింగ్ అబౌట్ ఇట్’, ‘అనుకుంటున్నాను’ అయితే ‘ఐ థింక్ సో’. పులుసు ‘రుచి చూస్తోంది’ అయితే ‘షి ఈజ్ టేస్టింగ్’, పులుసు ‘పుల్లగా ఉంది’ అయితే ‘ఇట్ టేస్ట్స్ సోర్’. ‘హ్యావ్’ కూడా అంతే: భోజనం చేస్తుంటే ‘ఐ యామ్ హ్యావింగ్ లంచ్’ నిక్షేపంగా అనొచ్చు, ఎకరం పొలం ఉంటే ‘ఐ హ్యావ్ ఎన్ ఏకర్’ అనే అనాలి. ప్రకటనల్లో, పాటల్లో ‘లవింగ్’ వినిపిస్తుంది కదా అని అడుగుతారు. మాట్లాడే ఇంగ్లీషులో ఆ వాడుక ఉంది. పరీక్షలో మాత్రం వద్దని నా సలహా.

తప్పుకు అసలు కారణం ఇంకొకటి ఉంది, దాని గురించి క్లాసుల్లో చెప్పేవాళ్ళు తక్కువ. ‘ఇంగ్’ రూపం మనకు సుఖం. ‘యామ్, ఈజ్, ఆర్’ ముందుకు తెస్తే ప్రశ్న, పక్కన ‘నాట్’ పెడితే వ్యతిరేకం. సింపుల్ ప్రెజెంట్‌కి వచ్చేసరికి డూ, డస్, డోంట్, డజంట్ వెతుక్కోవాలి, హి, షి వస్తే చివర ‘ఎస్’ తగిలించాలి. అందుకని ‘డూ యూ హ్యావ్ చేంజ్?’ నోటికి రాక ‘ఆర్ యూ హ్యావింగ్ చేంజ్?’ అంటారు. కనుక స్టేటివ్ క్రియల్ని ‘ఐ’తో మాత్రమే నేర్చుకుంటే సగం పనే అయినట్టు. ప్రతి క్రియకూ నాలుగు వాక్యాలు ఒకే వరసలో పలకాలి: ఐ నో, ఐ డోంట్ నో, డూ యూ నో, షి నోస్. నో, వాంట్, నీడ్, లైక్, హ్యావ్, రిమెంబర్, అండర్‌స్టాండ్, థింక్. మొదటి వారం ఈ ఎనిమిది చాలు.

కాలాల సంగతికొస్తే, వరదల్లో గోదావరి మీద ధవళేశ్వరం బ్యారేజీ నీటిమట్టం వార్తల కన్నా మంచి అభ్యాసం మన వైపు దొరకదు. బ్యారేజీ దగ్గర మొదటి ప్రమాద హెచ్చరిక 11.75 అడుగులు, రెండోది 13.75, మూడోది 17.75. నీళ్ళు పెరుగుతున్నాయి: ‘ద వాటర్ ఈజ్ రైజింగ్’. పొద్దున ఆరింటికి మొదటి హెచ్చరిక దాటింది: ‘ఇట్ క్రాస్డ్ ద ఫస్ట్ వార్నింగ్ లెవెల్ ఎట్ సిక్స్ దిస్ మార్నింగ్’. రెండోది దాటేసింది, టైము చెప్పడం లేదు, ఇప్పుడు ఆ పైన ఉందన్నదే వార్త: ‘ఇట్ హ్యాజ్ క్రాస్డ్ ద సెకండ్’. తెలుగులో రెంటికీ ‘దాటింది’ సరిపోతుంది కాబట్టి ‘ఎస్టర్‌డే ఇట్ హ్యాజ్ క్రాస్డ్’ అని కలిపేస్తాం. నిన్న, పొద్దున, 1986లో అంటూ గడిచిపోయిన టైము చెప్పారంటే ‘హ్యాజ్’ వద్దు.

‘లంకల్ని (నది మధ్య ఊళ్ళని) ఖాళీ చేయిస్తారు’ అన్న మాటను రెండు రకాలుగా వాడతాం. వరదొస్తే ఏటా చేసే పనైతే ‘దే ఇవాక్యుయేట్’, రేపటి మాటైతే ‘దే విల్ ఇవాక్యుయేట్’ లేదా ‘దే ఆర్ గోయింగ్ టు ఇవాక్యుయేట్’. ముందు ‘ఏటా’నా ‘రేపా’ అని మనసులో వేసుకుని తర్వాత మాట్లాడండి. ఇక గోదావరి పాయ వశిష్ఠ అంతర్వేది దగ్గర సముద్రంలో కలవడం ఎప్పుడూ ఉన్నదే, కాబట్టి ‘ఈజ్ మీటింగ్’ కాదు, ‘మీట్స్ ద సీ’.

‘నుంచి’ ఇంకో చిక్కు. ‘పదేళ్ళ నుంచి’, ‘2022 నుంచి’ అని రెండు చోట్లా ఒకే మాట వాడతాం, దాంతో ‘సిన్స్ టెన్ ఇయర్స్’ పుడుతుంది. ఎంతకాలమో చెబితే ‘ఫర్’, ఎప్పుడు మొదలైందో చెబితే ‘సిన్స్’. ‘పదేళ్ళుగా ఇక్కడ పనిచేస్తున్నాను’ అనడానికి ‘ఐ యామ్ వర్కింగ్’ కాదు, ‘ఐ హ్యావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’. అదే ‘ఆయన నాకు పదేళ్ళుగా తెలుసు’ అంటే ‘హ్యావ్ బీన్ నోయింగ్’ అనకూడదు. ‘నాకు’ ఉంది కదా, ఇంగ్ పోతుంది, పర్ఫెక్ట్ మిగులుతుంది: ‘ఐ హ్యావ్ నోన్ హిమ్ ఫర్ టెన్ ఇయర్స్’. బాగా మాట్లాడేవాళ్ళు కూడా తడబడే చోటు ఇది.

రోజూ అభ్యాసం ఇలా పెట్టుకోండి. తెలుగులో పది వాక్యాలు రాయండి, ఆరు ‘నాకు’వి, నాలుగు నిజంగా జరుగుతున్న పనులవి, కలగాపులగంగా. ఇంగ్లీషు కాగితం మీద పెట్టకుండా, తెలుగు చూస్తూ పైకి చెప్పండి. పదీ ‘నాకు’వే రాసుకుంటే కొన్నాళ్ళకు ఇంగ్ పూర్తిగా మరచిపోయి ‘ఐ గో టు మార్కెట్ నౌ’ అనే ఇంకో తప్పులో పడతారు, అందుకే ఆ నాలుగూ. తర్వాత ఫోన్లో రెండు నిమిషాలు రికార్డు చేసుకోండి. విదేశాలకు వెళ్ళేవాళ్ళు రాసే ఇంగ్లీషు పరీక్ష ఐఎల్టీఎస్‌లో, స్పీకింగ్ రెండో భాగంలో ఒక నిమిషం సిద్ధపడి, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడాలి కాబట్టి ఆ కొలతే వాడండి. దాళ్వా కోతలు, కొబ్బరి దింపు, ఊరి కాలువ, ఏదైనా విషయం తీసుకోండి. వినేటప్పుడు ఉచ్చారణ జోలికి పోవద్దు, ‘యామ్’, ‘ఈజ్’ తర్వాత వచ్చిన ‘ఇంగ్’లు మాత్రం పట్టుకోండి. దొరికిన ప్రతిదాన్నీ తెలుగులో చెప్పి చూడండి, ‘నాకు’ వచ్చిందా, ‘అనుకుంటున్నాను’ వచ్చిందా అని. వస్తే ఆ వాక్యాన్ని సరిచేసి, ప్రశ్నగా ఒకసారి, వ్యతిరేకంగా ఒకసారి చెప్పండి.

మొదటి రోజుకు ఈ ఐదు చాలు: ఈ రేవు నాకు చిన్నప్పటినుంచి తెలుసు. మా మావయ్య ఇప్పుడు చెరువులో మేత వేస్తున్నాడు. నాకు పంటు కనిపించడం లేదు. ఈ బస్తాలో ఏముంది? ధర పెరుగుతుందని అనుకుంటున్నాను. మూడోదానికి ‘ఐ కాంట్ సీ ద ఫెర్రీ’, నాలుగోదానికి ‘వాట్ డస్ దిస్ బ్యాగ్ కంటెయిన్?’ లేదా ‘వాట్స్ ఇన్ దిస్ బ్యాగ్?’ వచ్చాయేమో చూసుకోండి. మొదటిదానికి ‘హ్యావ్ నోన్’, ‘సిన్స్’ రెండూ ఉండాలి.