హళేబీడు పద్మవ్యూహం, మా మిద్దె మీద ముగ్గు

చెల్లి పురుడు కోసం అమ్మ అనంతపురం నుంచి వచ్చి బెంగళూరులో, మారతహళ్లిలోని మా ఫ్లాట్‌లో ఉంటోంది. రోజంతా ఊరికే కూర్చుని టెన్షన్ పడుతోందని పోయిన ఆదివారం చెల్లిని మరిదికి అప్పజెప్పి, చీకటితోనే కారు తీసి ఇద్దరం హళేబీడు బయలుదేరాం. హాసన్‌లో టిఫిన్. ఎండ ముదరకముందే గుడి దగ్గరున్నాం.

హొయసళేశ్వరాలయం 12వ శతాబ్దంలో విష్ణువర్ధనుడి కాలంలో మొదలుపెట్టింది, అంతా బలపపు రాయి. గోడ కింద ఏనుగుల వరస చూస్తూ అమ్మ మైమరచిపోయింది. నేను మాత్రం ఒక్క శిల్పం కోసమే వెతికాను, అభిమన్యుడి పద్మవ్యూహం. చూసుకోకపోతే దాటి వెళ్లిపోయేదాన్నే. ఒకదాన్ని చుట్టి ఒకటి తిరిగే గీతలు, పక్కన యోధులు. అమ్మ రాయిని ముట్టుకోకుండా గాల్లోనే వేలితో ఆ దారి పట్టుకుని తిరిగింది.

లాబిరింత్ అంటే ఇదేనమ్మా, ఇందులో దారి తప్పడానికి చీలికలుండవు, ఉండేది ఒకటే దారి అన్నాను. "మరి వెళ్లిన దారినే రావచ్చు కదే, ఆ బిడ్డ ఎందుకు రాలేకపోయాడు?" అంది. సైంధవుడు అడ్డుపడి వెనకొచ్చే పాండవుల్ని ఆపేశాడు కదమ్మా, అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు.

తిరుగు దారిలో గ్రీకుల కథ చెప్పాను. క్రీటు దీవిలో చిక్కుదారుల మధ్య మినోటార్ అనే రాక్షసుడు, దారం పట్టుకుని వెళ్లి వాణ్ని చంపి మళ్లీ ఆ దారం వెంటే బయటపడ్డ థీసియస్. అక్కడి క్నోసస్ నగరపు పాత నాణేల మీద ఏడు చుట్ల బొమ్మ ఉంటుంది. ఫ్రాన్స్‌లో షార్ట్ర్ చర్చి నేల మీద 13వ శతాబ్దంలో పరిచిన 11 చుట్ల దారిలో ఇప్పటికీ జనం మౌనంగా నడుస్తారు. ఇంతకీ అమ్మ చెవిన పడ్డది వేరే సంగతి: ఉత్తరాదిన కొన్ని చోట్ల నొప్పులు పడుతున్న ఆడవాళ్లకి పళ్లెంలో చక్రవ్యూహం గీసి, కడిగి ఆ నీళ్లు తాగించేవాళ్లని. "ఎట్లా గీస్తారే అది?" అని హాసన్ దాటాక రెండుసార్లు అడిగింది.

నీళ్ల సంగతి నేను ఒప్పుకోలేదు, గీయడం మాత్రం నేర్పించాను. మర్నాడు సాయంత్రం మిద్దె మీద ముగ్గుపిండితో ముందు ఒక కూడిక గుర్తు, నాలుగు మూలల్లో నాలుగు మడత గీతలు, వాటి లోపల నాలుగు చుక్కలు, తర్వాత ఒక్కో కొసనీ పైనుంచి వంపుగా తెచ్చి అవతలి కొసకి కలుపుకుంటూ పోవడమే. చుక్కల ముగ్గులు వేసిన చెయ్యి కదా, అమ్మకి ఒక్కసారికే వచ్చేసింది.

ఇందులో నన్ను కదిలించేది దాని నడక. అడుగుపెట్టగానే మూడో చుట్టులో ఉంటాం, తర్వాత రెండు, ఒకటి, అంటే బయటి వైపుకే తోస్తుంది. అక్కణ్నుంచి నాలుగు, ఆపైన మధ్యకి ఆనుకుని ఉన్న ఏడు, హమ్మయ్య వచ్చేశాం అనుకునేలోపు మళ్లీ ఆరు, ఐదు, అప్పుడు గానీ మధ్యకి చేరం.

చెల్లి పొట్ట మీద చెయ్యేసుకుని మెల్లగా లోపలికి వెళ్లి, మధ్యలో కాసేపు నిలబడి అదే దారిన తిరిగొచ్చింది. అమ్మ పక్కన నిలబడి పైకే లెక్కపెట్టింది.