కోనసీమ డాబా మీద కాగితపు పూలు: నా అనుభవం

మా కోనసీమలో ఏ కొమ్మ గుచ్చినా చిగురిస్తుందంటారు. కాగితపు పూల తీగకు మాత్రం చిగురించడం వేరు, పూయడం వేరు. ఎప్పుడూ చెమ్మ ఆరని ఒండ్రు నేలలో, పైగా కొబ్బరి చెట్ల నీడన, అది ముళ్లతో, ఆకులతోనే గోడలెక్కుతుంది. అందుకే నేలలో పాతకుండా డాబా మీద కుండీలో పెంచాలనుకున్నాను.

తొలకరి తరువాత పెన్సిలు మందాన ముదిరిన కొమ్మలను జానెడు ముక్కలుగా కోసి, ఆకులు తీసి, ఇసుక, కొబ్బరి పొట్టు కలిపి నింపిన కవర్లలో గుచ్చి నీడన ఉంచాను. కొమ్మ తనలోని నిల్వ ఆహారంతో వేరు పుట్టకముందే చిగురు వేయగలదు కనుక, ఆకులను చూసి తొందరపడకుండా, కవరు అడుగు రంధ్రాల్లో తెల్లని వేళ్లు కనిపించేదాకా ఆగాను. అవి ఎంతో నాజూకైనవి. మట్టిగడ్డ విడిపోకుండా కవరును బ్లేడుతో నిలువునా చీల్చి, ఎర్రమట్టి, గోదావరి ఇసుక, చివికిన పశువుల ఎరువు కలిపిన కుండీలోకి దింపాను.

అసలు పరీక్ష నీటి దగ్గరే. "నీళ్లు మాన్పితేనేనండీ ఇది పూసేది," అన్నాడు కడియపులంక నర్సరీలో పనిచేసే ఒక పెద్దాయన. తీగ నిలదొక్కుకున్నాక, ఆకులు కాస్త వాలేదాకా ఆగి, అప్పుడు అడుగు నుంచి కారేటట్లు పోసేవాణ్ణి. జాలిపడి చాటుగా చెంబెడు నీళ్లు పోసే ఇంట్లోవాళ్లను ఆపడమే ఎక్కువ కష్టమైంది. నత్రజని ఎక్కువైతే ఆకు తప్ప పువ్వు రాదు కనుక, వరికి వేయగా మిగిలిన యూరియాను దాని దరిదాపులకు రానివ్వలేదు.

వేసవిలో కాలువలు కట్టేసే నాటికి తీగ గులాబి రంగు గుత్తులతో నిండింది. మనం పూలనుకునేవి నిజానికి రంగు తేలిన పుచ్ఛాలు, అంటే ఒక రకం ఆకులే; మూడేసి పుచ్ఛాల నడుమ, ఒక్కొక్కదాని ఈనెకు అంటుకుని, సన్నని గొట్టం లాంటి తెల్లని అసలు పువ్వు ఉంటుంది. 1767లో రియో డి జనీరో దగ్గర ఈ తీగను గమనించిన ఫ్రెంచి వృక్షశాస్త్రవేత్త కమెర్సన్, దానికి తమ నౌకాయాత్ర నాయకుడు బూగన్‌విల్ పేరు పెట్టాడు. మా వీధిలో ఆ పేరు ఎవరి నోటా పలకదు.

పూత కొత్త రెమ్మల మీదే వస్తుంది కనుక, గుత్తులు రాలగానే కొమ్మల చివర్లు కత్తిరించాను. వానాకాలంలో కుండీని ఇటుకల మీదికి ఎత్తి, అడుగు రంధ్రం పూడుకుపోకుండా చూస్తున్నాను.