ఆరుసార్లు కనిపించిన పేరు

ఆ ప్రకటనను మూడోసారి కూడా చదివాను. ఇతర ప్రోగ్రామ్‌లు వాడుకునే ఒక ఓపెన్‌సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉండే) లైబ్రరీకి నేను నాలుగేళ్లుగా ప్యాచ్‌లు, అంటే కోడ్ సవరణలు, పంపుతున్నాను. దాని కొత్త వెర్షన్ గురించి ఈ ఉదయం వచ్చిన ఆ ప్రకటనలో, దానికి డబ్బిస్తున్న కంపెనీ పేరు ఆరుసార్లు కనిపించింది. రాత్రిళ్లు కూర్చుని దాన్ని నిలబెట్టిన మెయింటెయినర్ (ఆ కోడ్ బాగోగులు చూసే వ్యక్తి) పేరు ఒక్కసారి కూడా లేదు.

కోపం కంటే ముందు నవ్వు వచ్చింది. 2014 ఏప్రిల్‌లో హార్ట్‌బ్లీడ్ అనే భద్రతా లోపం బయటపడినప్పుడు ఆ లోపానికి ఒక పేరు, నెత్తురు కారుతున్న గుండె బొమ్మతో ఒక లోగో కూడా దక్కాయి గానీ, ఆ లోపం ఉన్నది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌లో, అంటే సమాచారాన్ని రహస్యంగా పంపేందుకు ఇంటర్నెట్‌లో పెద్ద భాగం ఆధారపడిన కోడ్‌లో; దాన్ని పూర్తికాలం చూసుకునేది ఒక్కరేనన్న సంగతి అప్పటివరకు చాలామందికి తెలియదు. ఓపెన్‌సోర్స్ ప్రాజెక్టులకు తోడ్పడే లైనక్స్ ఫౌండేషన్ ద్వారా పెద్ద కంపెనీల నిధులు వచ్చింది ఆ తర్వాతే.

కంపెనీ డబ్బు చెడ్డదని నేను అనను. లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయ లాంటి కెర్నల్‌లో చేరే మార్పుల్లో అధికభాగం జీతం తీసుకుని పనిచేసేవారు రాసినవే. అయితే 2023 ఆగస్టులో హషికార్ప్ అనే కంపెనీ, సర్వర్లను కోడ్‌తో ఏర్పాటు చేసే తన టెర్రాఫామ్ లైసెన్సును (వాడుక షరతులను) కఠినంగా మార్చినప్పుడు, తాళంచెవి ఎవరి దగ్గరుందో బయటినుంచి కోడ్ రాసినవారికి తెలిసివచ్చింది. ఆ పాత కోడ్‌లోంచే ఓపెన్‌టోఫు అనే వేరే ప్రాజెక్టు పుట్టింది.

మధ్యాహ్నం మా మెయింటెయినర్‌కు ఆ వార్త పంపాను. ‘ఇంకా చూడలేదండీ, తేదీల బగ్ తెగడం లేదు’ అని జవాబు వచ్చింది.