గయానే చర్చి దగ్గర కోడిపుంజు

ఆర్మేనియాలో ఎచ్మియాజిన్ వెళ్ళింది పెద్ద కేథడ్రల్ కోసమే. రాజధాని ఎరెవాన్ నుంచి ఇరవై కిలోమీటర్లే, చవకగా వ్యాన్లు తిరుగుతాయి, అయినా మూడు చర్చిలు ఒక్క పూటలో చూడాలని టాక్సీ మాట్లాడుకున్నాను. ఆగిన ప్రతి గంటకూ వేరే డబ్బులని డ్రైవర్ సగం దారిలో చెప్పాడు. ఆ టెన్షన్ రోజంతా వదల్లేదు.

కేథడ్రల్ మరమ్మతులయ్యాక 2024లో మళ్ళీ తెరిచారు, లోపలి బొమ్మలు కొత్త రంగుల్లో ఉన్నాయి. 301లో రాజ్యమే క్రైస్తవం పుచ్చుకున్నాక కట్టిన గుడి అని వాళ్ళ నమ్మకం. జనం తోపులాటలో నాకు మనసు నిలవలేదు. రిప్సిమే చర్చి (618) బాగా నచ్చింది. తోటి కన్యలతో రోమ్ నుంచి పారిపోయి వచ్చిన రిప్సిమే, తనను కోరిన త్రిదత్ రాజును కాదంటే, అతను ఆమెను చంపించాడట. నేల కింద చిన్న గదిలో ఆమె సమాధి ఉంది, తల వంచి దిగాలి.

ఆ కన్యలకు పెద్ద దిక్కు గయానే. ఆమె పేరున 630లో కట్టిన చర్చి బయట ఒక కుటుంబం కనిపించింది. పెద్దావిడ చంకలో ఎర్ర కోడిపుంజు! దాన్ని పట్టుకుని అందరూ చర్చి చుట్టూ మూడుసార్లు తిరిగారు. ఫాదర్ దీవించిన ఉప్పు దాని నోట్లో పెట్టారు. నేను అలాగే నిలబడిపోయాను. మా నాయనమ్మ పోచమ్మ గుడి చుట్టూ ఇలాగే కోడిని తిప్పేది, నాన్నకు టైఫాయిడ్ తగ్గినప్పుడు నేనూ వెనకే నడిచాను.

ఇంగ్లిష్ వచ్చిన మనవరాలు చెప్పింది, దీన్ని మతాఘ్ అంటారట. తమ్ముడు సైన్యం నుంచి క్షేమంగా ఇంటికొచ్చాడు, ఆ మొక్కు. మాంసాన్ని ఉప్పుతో మాత్రమే ఉడికిస్తారు, దాచుకోకూడదు, కోడయితే మూడిళ్ళకు పంచాలి.

"మాక్కూడా అంతే, మొక్కు కూర ఇంట్లో మిగల్చకూడదు" అన్నాను. ఆ మాట మనవరాలు చెప్పగానే పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, ఇవాళ మా ఇంటికి రా, మూడో ఇల్లు నీదే అనుకుంటాం అంది.

బయట టాక్సీ అతను హారన్ కొడుతున్నాడు. ఇంకో గంట డబ్బులు లెక్కేసుకుని, వీలు కాదమ్మా అనేశాను. దారిలో జ్వార్త్‌నోత్స్ అనే కూలిపోయిన పాత చర్చి స్తంభాలు కనపడ్డా దిగలేదు. ఆ గంటకు ఎంతడిగినా ఇచ్చి ఉండాల్సింది.