సున్నా చుక్క సున్నా: పాత పీహెచ్‌పీ ప్రోగ్రామును మార్చిన నా అనుభవం

మా పట్టణంలోని ఒక కళాశాలలో ఫీజుల ప్రోగ్రామును పీహెచ్‌పీ (వెబ్‌సైట్లు తయారుచేసే ప్రోగ్రామింగ్ భాష) 5.6 వెర్షను నుంచి 8.2కు మార్చే పని నాకు అప్పగించారు. 5.6కు భద్రతా సవరణలు 2018 డిసెంబరుతోనే ఆగిపోయినా, సర్వరు అద్దెకిచ్చినవారు ఇక ఆ వెర్షనును ఉంచబోమని చెప్పేదాకా అక్కడ ఎవరూ ఆ ఊసెత్తలేదు.

ఫైళ్లను కొత్త సర్వరులో పెట్టి తెరవగానే తెల్ల పేజీ వచ్చింది, అంతే. పాత ప్రోగ్రామరు తప్పులు తెర మీద కనపడకుండా సెట్టింగు ఆపివేయడమే కాక, దాదాపు ప్రతి ఫంక్షను ముందూ @ గుర్తు పెట్టి దాని నోరు కూడా నొక్కాడు. ఆ గుర్తులన్నీ తీసి, హెచ్చరికలన్నింటినీ లాగ్ ఫైలులోకి మళ్లించాకే అసలు రోగం బయటపడింది. డేటాబేసుతో మాట్లాడే పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్లను 2015లో వచ్చిన 7.0లోనే తొలగించారు కాబట్టి వాటి స్థానంలో అదే పనిచేసే పీడీవో అనే పనిముట్టు పెట్టాను. ఫారంలో నింపినదానిని యథాతథంగా క్వెరీలో (డేటాబేసును అడిగే ప్రశ్నలో) అతికించే పద్ధతి కూడా దాంతోపాటే పోయింది. ఇది విసుగు పుట్టించే పనే గాని, కష్టమైనది కాదు.

కష్టమంతా సున్నా దగ్గర వచ్చింది. ఫీజుల గుమాస్తా ఫారం నింపుతుండగా పక్కన కూర్చుని చూశాను. బకాయి లేని విద్యార్థికి ఆవిడ 0 అని కాకుండా 0.0 అని కొడుతున్నారు. ఎందుకని అడిగితే, "సున్నా ఒక్కటే కొడితే బకాయి నింపలేదంటుంది సార్, సున్నా చుక్క సున్నా కొడితే తీసుకుంటుంది" అన్నారు. కారణం నాకు వెంటనే తట్టింది. గడి ఖాళీగా ఉందో లేదో చూడడానికి అక్కడ ఎంప్టీ అనే ఫంక్షను వాడారు, దాని లెక్కలో "0" అనే పాఠ్యం ఖాళీ, "0.0" మాత్రం ఖాళీ కాదు. ఫారం నుంచి వచ్చేది ఏదైనా పాఠ్యంగానే వస్తుంది కనుక దానిని అవసరాన్నిబట్టి అంకెగానో, అవును కాదుగానో మార్చుకునే సౌకర్యాన్ని ఈ భాషలో పెట్టారు. 1994లో రాస్మస్ లెర్డార్ఫ్ సొంత హోం పేజీ కోసం మొదలుపెట్టిన పనిముట్లకు అది సరిపోయి ఉండవచ్చు. ఫీజుల లెక్కలకు మాత్రం సరిపోదు.

అంతకంటే పెద్ద ప్రమాదం కొత్త ప్రోగ్రామును పరీక్షిస్తున్నప్పుడు బయటపడింది. హాల్ టికెట్ల జాబితా తీస్తే, రూపాయి కూడా బాకీ లేని విద్యార్థులు కొందరు బకాయిదారుల్లో చేరారు. వారి బకాయి గడి డేటాబేసులో ఖాళీగా ఉంది, పాత కోడు దానిని రెండు సమానచిహ్నాలతో, అంటే అంకా పాఠ్యమా అని పట్టించుకోని పోలికతో, 0తో పోల్చింది. 8.0కు ముందు ఖాళీ పాఠ్యమూ సున్నా సమానమే, 8.0 నుంచి కావు. చెప్పాలంటే కొత్త నియమమే సబబైనది, కాని ఏళ్ల తరబడి పాత తప్పు మీద ఆనుకుని నడిచిన కోడుకు ఆ ఆసరా ఒక్కసారిగా తీసేసినట్టయింది. పైగా ఇందులో హెచ్చరిక ఏదీ రాదు, లాగ్ ఫైలు శుభ్రంగా ఉంటుంది. అందుచేత పోలికలన్నింటినీ ఒక్కొక్కటిగా చదివి, రకం కూడా కలవాలనే మూడు సమానచిహ్నాలకు మార్చడానికి ముందు ఆ విలువ అంకెగా వస్తోందా పాఠ్యంగా వస్తోందా అని తేల్చుకోవలసి వచ్చింది. పనిలో సగం రోజులు దీనికే పోయాయి.

గుర్తింపు కార్డుల మీద తెలుగు పేర్ల సంగతి కూడా చెప్పాలి. పాఠ్యంలోంచి ముక్క కోసే సబ్‌స్టర్ ఫంక్షను పేరును 32 దగ్గర కోస్తోంది, కాని అది లెక్కపెట్టేది అక్షరాలను కాదు, బైట్లను (కంప్యూటరు నిల్వలో చిన్న కొలత). యూటీఎఫ్-8 అనే అక్షర సంకేత పద్ధతిలో తెలుగు వర్ణానికి, గుణింతపు గుర్తుకు కూడా మూడేసి బైట్లు. దాంతో "సుబ్రహ్మణ్యం" కాస్తా "సుబ్రహ్మణ్" అయి, చివర ప్రశ్నార్థకపు డబ్బా మిగిలింది. బైట్లు వదిలి వర్ణాలను లెక్కించే ఎంబీ రకం ఫంక్షనుతో పదికి కోస్తే డబ్బా పోయింది గాని "యం" తిరిగి రాలేదు. చివరికి కోయడమే మానేసి, పొడవైన పేర్లకు అక్షరాల సైజు తగ్గించాను.

కొత్త ప్రోగ్రాము నడిచిన మొదటి రోజు ఉదయమే గుమాస్తా ఫోను చేశారు. అలవాటుకొద్దీ ఆవిడ 0.0 కొట్టారు, అంకెలు తప్ప చుక్కను కూడా ఒప్పుకోని నా కొత్త తనిఖీ దానిని తిప్పికొట్టింది.