ఇవానిసెవిచ్ ఎడమచేతి సర్వ్
టెన్నిస్‌లో, అమలాపురంలోని మా వీధి కుర్రాళ్లందరూ అమెరికా ఆటగాడు పీట్ సంప్రాస్ పక్షం కాగా, నేను మాత్రం క్రొయేషియా ఆటగాడు గోరాన్ ఇవానిసెవిచ్ పక్షమే. బంతిని మరీ ఎత్తుకు ఎగరేయకుండా చప్పున కొట్టే ఆ ఎడమచేతి సర్వ్, ముఖ్యంగా అడ్వాంటేజ్ కోర్టు (సర్వ్ చేసేవాడికి ఎడమవైపు సగం) నుంచి, కుడిచేతి ఆటగాడి బ్యాక్‌హ్యాండ్‌కు అందనంత దూరంగా పక్కకు దూసుకుపోయేది. అయినా 1992, 1994, 1998 వింబుల్డన్ ఫైనల్స్‌లో ఓటమే మిగిలింది. భుజం గాయంతో 125వ ర్యాంకుకు జారిపోయి, 2001లో వైల్డ్‌కార్డుతో (ర్యాంకు చాలకపోయినా నిర్వాహకులిచ్చే ప్రత్యేక ప్రవేశంతో) వచ్చి ప్యాట్రిక్ రాఫ్టర్‌తో ఫైనల్ ఆడాడు. కోనసీమలో అప్పుడు వానాకాలం. ఆ సాయంత్రం కరెంటు పోకపోవడమే ఒక వింత. ఐదో సెట్టులో ఇవానిసెవిచ్ మొదటి రెండు మ్యాచ్ పాయింట్లను (గెలిస్తే మ్యాచే దక్కే పాయింట్లను) డబుల్ ఫాల్టులతో, అంటే వరసగా రెండు సర్వ్‌లు తప్పి, చేజేతులా పోగొట్టుకున్నాడు, మూడోదాన్ని రాఫ్టర్ లాబ్‌తో, అంటే తలమీదుగా ఎత్తుగా కొట్టిన బంతితో, తప్పించుకున్నాడు. నాలుగోసారి రాఫ్టర్ తిప్పికొట్టిన బంతి నెట్‌కు తగిలి, సెట్టు 9-7తో ముగిసి ఇవానిసెవిచ్ గెలిచాడు.